మధ్యాహ్నం కుళాయి

నరసరావుపేటలో మనుషుల్ని కరెంటు చంపుతుందని అందరూ అనుకుంటారు. నన్నడిగితే, అంతకంటే ముందు 'ఏం కాదులే' అనే మాట చంపుతుంది. అతుకు ఊడిన వైరు చూపిస్తే ఏం కాదులే. నల్లగా కాలిన ప్లగ్గు చూపిస్తే ఏం కాదులే. మోటారు ముట్టుకుంటే చురుక్కుమంటోందయ్యా అంటే, చెప్పులేసుకుని వేస్తాంలే బాయ్, ఏం కాదులే. ఈ మాట చెవిన పడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అందుకే ఊళ్ళో నాకు కోపిష్టి అనే పేరుంది. పేరుంటే ఉంది. పని పడితే మాత్రం అందరూ 'బాయ్' అంటూ నన్నే పిలుస్తారు.

నేను కొత్త ఇళ్ళకు వైరింగు చేసే మనిషిని కాదు. కట్టేసిన బిల్డింగుల్ని నడిపించేవాణ్ణి. నాలుగైదు అపార్టుమెంట్లు, ఒక కళ్యాణ మండపం, ఒక నర్సింగ్ హోము నా చేతిలో ఉన్నాయి. పంపు మోటార్లు, జనరేటర్లు, లిఫ్టు ప్యానెళ్ళు, మెట్ల లైట్లు, మీటర్ల గది, అన్నీ నేనే చూస్తాను. అన్నీ సరిగ్గా నడుస్తున్నప్పుడు నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఏదైనా ఆగినప్పుడు మాత్రం అందరి ఫోన్లలోనూ నా నంబరే ఉంటుంది. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది.

పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయనది మోటార్ వైండింగ్ షాపు. చుట్టుపక్కల పల్లెల నుంచి కాలిపోయిన బోరు మోటార్లు ట్రాక్టర్లలో వచ్చేవి. ఆయన రాగి తీగ చుడుతూనే నాకు పాఠాలు చెప్పేవాడు. వాటిలో మొదటిది ఇది: తెలియని ఇనుమును ఎప్పుడూ అరచేత్తో పట్టుకోకు. కరెంటు ఉంటే వేళ్ళు ముడుచుకుపోతాయి, నువ్వు వదలాలన్నా వదలవు. చేతి వెనకవైపుతో ముట్టుకో. తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. నేను ఈ మాట కనపడిన ప్రతివాడికీ చెబుతాను. మా ఆవిడ, నిద్రలో కూడా ఇదే పలవరిస్తావు అని ఎగతాళి చేస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది వినుకొండ రోడ్డులోని ఒక అపార్టుమెంటు సంగతి. ఐదంతస్తుల పాత బిల్డింగు. కింద సెల్లార్లో కార్లు, మీటర్ల గది, నీళ్ళ సంపు, పంపు మోటారు, వీటి పక్కన మెట్ల కింద వాచ్‌మన్ గది. అందులో బొల్లాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక జంట ఉండేవారు. అక్కడ వాళ్ళకు కొంచెం మెట్ట ఉంది, అందులో ఒక బోరు ఉండేది. బోరు ఎండింది. ఇంకోటి వేశారు, అదీ ఎండింది. పిల్లలిద్దర్నీ తీసుకుని పేట వచ్చేశారు. అతను రాత్రంతా గేటు కాస్తాడు. ఆమె పైన ఇళ్ళల్లో అంట్లు తోమి, ఇల్లు తుడుస్తుంది. నలుగురి బతుకూ అసలు ఆమె చేతుల మీదే నడిచేది.

ఆమె చేసే ఇళ్ళల్లో ముఖ్యమైనది మూడో అంతస్తులోది. ఆ ఇంటాయనకు చిలకలూరిపేట దగ్గర పత్తి జిన్నింగు మిల్లులో వాటా ఉంది. పొద్దున వెళితే చీకటి పడ్డాకే వస్తాడు. ఇల్లంతా మేడమ్ రాజ్యం. గట్టి మనిషి. మాట కరుకు, లెక్క ఖరాకండీ, కానీ ఎవర్నీ ఊరికే అనదు. మూడో అంతస్తు మేడమ్ ఒక పనిమనిషిని మెచ్చుకుందంటే మిగతా ఇళ్ళన్నీ ఆ మనిషినే పెట్టుకుంటాయి. ఆవిడ వద్దందంటే మిగతా ఇళ్ళూ వద్దంటాయి.

ఆ ఎండాకాలం మేడమ్ నాకు ఫోన్ చేసింది.

"బాయ్, ఒకసారి వచ్చి మా వెనక బాల్కనీ కుళాయిలో కరెంటు ఉందో లేదో తేల్చి చెప్పు. ఉంటే బాగు చెయ్యి. లేకపోతే దీని సంగతి నేను తేలుస్తా."

'ఇది' అంటే పనామె. అంట్లు తోముతుంటే కుళాయి జిల్లుమంటోందని పది రోజులుగా చెబుతోందట. మేడమ్ ప్రతిసారీ వచ్చి కుళాయి తిప్పి చూసిందట. ఏమీ లేదట. ఇక విసుగెత్తి, ఒకటో తారీఖు నుంచి ఇంకొకామెను మాట్లాడుకుంటానని చెప్పేసిందట. మేడమ్ మానిపిస్తే మిగతా ఇళ్ళూ మానిపిస్తాయని, ఆ తర్వాత ఆ మెట్ల కింద గదిలో ఉండి చేసేదేమీ ఉండదని పనామెకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. గుమ్మం బయట బూట్లు విప్పి లోపలికి పోయాను. వెనక బాల్కనీలో ఒక మూల గచ్చు తొట్టి, దాని మీద మోకాలెత్తులో పాతకాలపు ఇత్తడి కుళాయి. దాని కింద పీట వేసుకుని కూర్చుని అంట్లు తోముతారు. టెస్టరు పెట్టాను, వెలగలేదు. మీటరు పెట్టాను, ముల్లు కదల్లేదు. గచ్చు తడిపి, ఉత్త కాళ్ళతో నిలబడి చేతి వెనకవైపుతో ముట్టుకున్నాను. చల్లటి నీళ్ళ కుళాయి, అంతే.

మేడమ్ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "నేను చెప్పలా? ఆడలేక మద్దెల ఓడు."

పనామె తల దించుకునే రకం కాదు. "పని తప్పించుకునేదాన్నైతే పొద్దున అంట్లు ఎందుకు తోముతన్నానమ్మా? పొద్దున ఎప్పుడన్నా ఆ మాట అన్నానా?" అంది.

నేను ఆమె వైపు తిరిగాను. "మరి నీకు ఎప్పుడు కొడుతోంది?"

"మజ్జానమన్నా. పొద్దున అసలేమీ ఉండదు. మజ్జానం అంట్లకి కూర్చుంటే మోచేతుల దాకా జివ్వుమంటది. నిన్నయితే గిన్నె చేతిలోంచి ఎగిరి పడింది."

"చూశావా బాయ్," అంది మేడమ్. "పొద్దున నాలుగు గ్లాసులు, నాలుగు ప్లేట్లు. మధ్యాహ్నం కుక్కరు, మూకుళ్ళు, గిన్నెలన్నీ. కరెంటు కూడా గిన్నెలు లెక్కపెట్టుకుని వస్తుందా?"

నాకు నవ్వొచ్చింది. ఎవరికైనా వస్తుంది. సరేనమ్మా అని బయటికొచ్చి బూట్లు తొడుక్కోవడానికి వంగాను. నా బూట్ల పక్కన పనామె హవాయి చెప్పులు విడిచి ఉన్నాయి. పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. తలెత్తి చూస్తే లోపల మేడమ్ కాళ్ళకు మెత్తటి రబ్బరు చెప్పులు. మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో కూడా చెప్పులు విడవొద్దని డాక్టరు చెప్పాడు. ఈ మధ్య పేటలో ఏ ఇంట్లో చూసినా పెద్దవాళ్ళందరూ ఇలాంటివే వేసుకుని తిరుగుతున్నారు. పనిచేసే మనిషి మాత్రం చెప్పులు మెట్ల మీదే విడిచి రావాలి, అది ఎవరూ చెప్పనక్కర్లేని పద్ధతి.

నవ్వు ఆగిపోయింది. పది రోజులుగా మేడమ్ రబ్బరు మీద నిలబడి కుళాయి తిప్పుతోంది. ఆ మధ్యాహ్నాలన్నిటిలో తడి గచ్చు మీద ఉత్త కాళ్ళతో కూర్చున్నది ఒక్క పనామె. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

"మధ్యాహ్నం మళ్ళీ వస్తానమ్మా," అన్నాను. "నేనొచ్చేదాకా ఆమెను ఆ కుళాయి ముట్టుకోనివ్వొద్దు."

"ఏం కాదులే బాయ్, చూశావుగా," అంది మేడమ్.

ఆ మాట విన్నాక ఇక నన్ను ఎవరూ ఆపలేరు. భోజనం కూడా ఇంటికి వెళ్ళి చేయలేదు, ఎదురుగా ఉన్న హోటల్లో ముద్దపప్పు తిని ఎండ నెత్తి మీదికి వచ్చాక పైకి వెళ్ళాను.

ఈసారి మీటరు ముల్లు మాట్లాడింది. ఒక వైరు కుళాయికి తగిలించి, ఇంకొకటి తడి గచ్చుకు ఆనిస్తే ముల్లు ఎగిరి నిలబడింది. ఇంటికొచ్చే పూర్తి కరెంటు కాదు గానీ మనిషికి చాలినంత. ఏదో మోటారు తడిసి లోపల్లోపల కారుతున్నప్పుడు వచ్చే రకం. ఇలాంటిది ఇవాళ జిల్లుమంటుంది, తీగ మీద వార్నిషు ఇంకాస్త ఊడితే రేపు పట్టుకున్న మనిషిని వదలదు. తెలిసి కూడా నా తృప్తి కోసం చేతి వెనకవైపు ఒకసారి తగిలించాను. చెయ్యి వెనక్కి వచ్చి నా రొమ్ముకే కొట్టుకుంది.

"ఉందమ్మా," అన్నాను.

మేడమ్ నా ముఖం చూసింది, పనామె ముఖం చూసింది. రబ్బరు చెప్పులు విడిచి తడిలోకి దిగింది.

"వద్దమ్మా. మీటరు చూపిస్తోందిగా, ఇంకేం కావాలి?"

"ఇది పది రోజుల్నించీ పట్టుకుంటోంది. నేనొకసారి పట్టుకుంటే అరిగిపోను."

నేను అరిచాను కూడా. ఆవిడ వినే మనిషి కాదు. కనీసం చేతి వెనకవైపుతో ముట్టుకోండమ్మా అన్నాను, ఆ ఒక్క మాట వింది. వేళ్ళ గణుపులు తగిలీ తగలకముందే ఆవిడ రెండడుగులు వెనక్కి వచ్చి గోడకు ఆనుకుంది. తర్వాత పనామెతో, నాకు వినపడేలాగే, "నిన్ను అబద్ధాలకోరువన్నాను. తప్పు నాదేనే" అంది.

"మీకు దెబ్బేమీ తగల్లేదుగదమ్మా?" అంది పనామె. ఆవిడ చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది.

ఇక మిగిలింది నా పని. కరెంటు ఎక్కడి నుంచి కుళాయిలోకి వస్తోందో పట్టుకోవాలి. ఆ ఇంట్లో కాదు, ఎందుకంటే మేడమ్ ఇంటి మెయిన్ ఆపేసినా ముల్లు దిగలేదు. మిగిలిన దారి పైపు ఒక్కటే. మేడ మీద ట్యాంకు నుంచి ఒక ఇనప పైపు గోడ పక్కన దిగుతూ అన్ని అంతస్తుల వంటిళ్ళకూ నీళ్ళిస్తుంది. మిగతా వాళ్ళందరూ వంటిళ్ళు కొత్తగా చేయించుకున్నప్పుడు లోపలికి ప్లాస్టిక్ పైపులు లాక్కున్నారు. మేడమ్ మాత్రం, ఇత్తడి కుళాయి బంగారంలా ఉంటే ఎందుకు తీయాలి అని ఉంచేసింది. అందుకే ఆ పైపులో ఏ ఇంటి కరెంటు కలిసినా అది తగిలేది ఈ ఒక్క కుళాయికే.

మీటరు అక్కడే ఉంచాను. ముల్లు చూసి ఫోన్లో చెబుతూ ఉండమని మేడమ్‌కు అప్పగించాను. నేను సెల్లార్లోకి దిగి మీటర్ల గది తెరిచాను. ఒక్కో ఇంటి పింగాణీ ఫ్యూజు పీకడం, జేబులో వేసుకోవడం, అడగడం.

"పోయిందా అమ్మా?"

"లేదు బాయ్, అట్లాగే ఉంది."

ఫ్యూజు జేబులో వేసుకోవడం కూడా మా నాన్న పద్ధతే. పక్కన పెడితే ఎవడో ఒకడు వచ్చి, పాపం మర్చిపోయినట్టున్నాడు అని పెట్టేస్తాడు. జేబులో ఉంటే నన్ను అడక్కుండా ఈ బిల్డింగులో కరెంటు రాదు. కాకపోతే అది ఎండాకాలం మధ్యాహ్నం. ఏసీలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే బాల్కనీల్లోంచి కేకలు మొదలయ్యాయి. అసోసియేషన్ ప్రెసిడెంటు లుంగీ సర్దుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. ఊళ్ళో పొలాలున్న మనిషి, సొసైటీ ఎన్నికల్లో తలపండినవాడు, రెండో అంతస్తులో ఉంటాడు.

"ఏందయ్యా బాయ్, బిల్డింగు మొత్తం చీకటి చేశావు? ఎవరికి ఏమైందని?"

మూడో అంతస్తు కుళాయి సంగతి చెప్పాను.

"పనామెకి జిల్లుమంటే చెప్పులేసుకుని తోముకోమను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకు దురద పది రోజుల్నించీ ఉందండీ. వినే నాథుడే లేడు," అని ఇంకో ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను.

నా అనుమానం నాలుగో అంతస్తు వాషింగ్ మెషీను మీద ఉంది. అది పీకినా మేడమ్, "ఉంది బాయ్" అనే అంది. చివరికి అన్ని ఇళ్ళ ఫ్యూజులూ నా జేబుల్లోకి వచ్చాయి. ప్యాంటు బరువుకు కిందికి జారుతోంది. ముల్లు మాత్రం దిగలేదు. అంటే ఇది ఏ ఇంటిదీ కాదు. మిగిలింది కామన్ లైను. పంపు మోటారు, మెట్ల లైట్లు, అంతే. పంపు అప్పుడు నడవడం లేదు. నాకు అర్థం కాలేదు, అయినా ఆ ఫ్యూజు కూడా పీకాను.

"పోయింది బాయ్. ముల్లు పడిపోయింది," అంది మేడమ్.

ఆ క్షణంలోనే నా వెనక ఒక శబ్దం ఆగిపోయింది. ఆగేదాకా అది ఉందని నేను గమనించనే లేదు. మెట్ల కింద గదిలో గరగరలాడుతూ తిరుగుతున్న ఏదో ఫ్యాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. గది తలుపు తెరుచుకుని వాచ్‌మన్ కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు.

"కరెంటు పోయిందా అన్నా? కూలరు ఆగింది. పిల్లోళ్ళు లేచారు."

లోపలికి వెళ్ళాను. సెల్లార్లో గాలి ఆడదు, మధ్యాహ్నం అది గది కాదు, కొలిమి. పిల్లలిద్దరూ చాప మీద చెమటతో కూర్చున్నారు. కిటికీ లేని గోడకు ఆనించి ఇనప రేకు కూలరు, ఎవరో వాడి పారేసినది. గడ్డి తెరల నుంచి నీళ్ళు మోటారు మీదికి కారుతున్నాయి. ఆ గదికి బిల్డరు ఇచ్చింది ఒక్క బల్బు పాయింటే, ప్లగ్గు లేదు. అతను పంపు బోర్డు నుంచి రెండు వైర్లు లాక్కున్నాడు. కూలరు రేకుకు ఇంకొక వైరు బిగించి ఉంది. దాని రెండో కొస గోడ మీది నీళ్ళ పైపుకు చుట్టాడు. చుట్టిన తీరు చూసి ఆశ్చర్యపోయాను. పైపు మీద తుప్పు గీకి, తీగ వరసలు కుదురుగా వేసి, ప్లాసుతో మెలిపెట్టి బిగించాడు. నా కింద పనిచేసేవాళ్ళలో కూడా అంత శ్రద్ధగా చుట్టేవాళ్ళు తక్కువ.

"ఇదేంది?" అన్నాను.

"ఎర్తింగన్నా," అన్నాడు ధైర్యంగా. "పదిరోజుల కింద కూలరు ముట్టుకుంటే పిల్లోడికి షాకు కొట్టింది. అందుకని ఎర్తిచ్చా, కింద చాప పరిచా. ఇప్పుడు చెయ్యి పెట్టి చూడు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"పైపుకు కట్టమని నీకెవరు చెప్పారు?"

"మా పొలంలో స్టార్టరు పెట్టెకి అట్టాగే ఉండేదిగా. బోరు కేసింగు పైపుకి వైరు కట్టేవాళ్ళం. ఎంత కరెంటైనా భూమిలోకి దిగిపోద్ది."

అతను చెప్పిన దాంట్లో తప్పు లేదు. బోరు పైపు భూమిలోకి ఎంతో లోతుకు దిగుతుంది, కరెంటు దాన్ని పట్టుకుని మట్టిలో కలిసిపోతుంది. రైతు చేతిలో అది సరైన పని. కానీ ఈ పైపు భూమిలోంచి రాలేదు. పైన ప్లాస్టిక్ ట్యాంకు నుంచి గాల్లో వేలాడుతూ కిందికి వచ్చి, ఈ గదిలో ఒక ప్లాస్టిక్ కుళాయి దగ్గర ఆగిపోయింది. ఎక్కడా మట్టిని తాకలేదు. ఈ పది రోజులూ పిల్లలకు కూలరు కొట్టకపోయింది పొడి చాప వల్లే, ఆ వైరు వల్ల కాదు. అతను కట్టిన కరెంటు దిగలేదు, ఎక్కింది.

తిడదామనే నోరు తెరిచాను. నాకు తిట్టడం బాగా వచ్చు. కానీ, "ఈ పైపు ఎక్కడికి పోతుందో తెలుసా?" అని మాత్రం అడిగాను.

"తెలవకేంది. రోజూ వాల్వు తిప్పేది నేనేగా. వంటిళ్ళ లైను," అన్నాడు. పైపు వెంట చూపు పైకి పోనిచ్చాడు, అది కప్పులోకి దూరే చోటు దాకా. "ఒకటో అంతస్తు, రెండు, మూడో అంతస్తు అమ్మగారి ఇంటెనక..." అని ఆగిపోయాడు.

నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. పది రోజుల్నించి భార్య ఏం చెబుతోందో అతనికీ తెలుసు. రోజూ మధ్యాహ్నం ఆమె పైకి అంట్లకు వెళ్ళగానే అతను పిల్లల్ని పడుకోబెట్టి, కూలరు వేసి, రాత్రి నిద్ర తీర్చుకునేవాడు. ఆమె దిగి వచ్చి చేతులు జివ్వుమంటున్నాయంటే కొబ్బరినూనె రాసి నొక్కేవాడట. అతను గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"పిల్లోళ్ళ మీంచి తీసి దాని మీదికి పంపిచ్చానా అన్నా?" అన్నాడు.

నేను వైరు విప్పాను. దాన్ని చుట్టగా చుడుతుంటే అతనన్నాడు, "నా పెళ్ళానికి చెప్పొద్దు."

"నేను చెప్పను. నువ్వే చెబుతావు," అన్నాను.

బయట ప్రెసిడెంటు నిలబడి అంతా విన్నాడు. ముఖం గంటు పెట్టుకున్నాడు. కామన్ లైను నుంచి అడక్కుండా కరెంటు లాక్కున్న వాచ్‌మన్‌ను ఉంచడం కుదరదన్నాడు. రేపు మీటింగు పెట్టి తేలుస్తానన్నాడు. నేను జేబుల్లోంచి ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి పెట్టడం మొదలుపెట్టాను. ఆయన ఇంటిది మాత్రం చేతిలోనే ఉంచుకున్నాను.

"మీటింగు పెట్టండి. నేనూ వస్తా," అన్నాను. "రాత్రి మీరు నిద్రపోవడానికి ఒక మనిషి మేలుకోవాలి. ఆ మనిషి పగలు పడుకోవడానికి మీరిచ్చింది గాలాడని గది, ఒక్క బల్బు. ప్లగ్గు లేదు, ఎర్తు లేదు. అతను కట్టింది తప్పే. కట్టాల్సిన అవసరం తెచ్చింది ఈ గది. అతన్ని పంపిస్తే పంపండి. అప్పుడు పంపుకూ, మెట్ల లైట్లకూ, మీటర్ల గదికీ ఇంకో ఎలక్ట్రీషియన్ని కూడా చూసుకోండి."

"బెదిరిస్తన్నావా?"

"లేదండీ, చెబుతున్నా."

ఆయన నా చేతిలోని ఫ్యూజు వైపు చూశాడు. రాజకీయం తెలిసిన మనిషి, ఎక్కడ తగ్గాలో తెలుసు. ఈలోగా మేడమ్ మెట్లు దిగి వచ్చింది. వచ్చేటప్పుడు చెప్పులు వేసుకోవడం మర్చిపోయినట్టుంది, ఉత్త కాళ్ళతోనే ఉంది. సంగతి విని, "ఆ గదికి ఏమేం కావాలో చెయ్యి బాయ్, మీటింగులో నేను మాట్లాడతా" అంది. ప్రెసిడెంటు సరేనని మెట్లెక్కాడు. ఆయన ఫ్యూజు పెట్టేశాను.

ఆ సాయంత్రానికే మీటర్ల గది పక్కనున్న పాత ఎర్తు గుంట తవ్వించి, బొగ్గు, ఉప్పు కొత్తగా వేయించి నీళ్ళు పోయించాను. దాని నుంచి వాచ్‌మన్ గదికి సరైన ఎర్తు వైరు, మూడు కన్నాల ప్లగ్గు ఇచ్చాను. కామన్ లైనుకు, కరెంటు ఇలా పక్కదారి పడితే వెంటనే ఆపేసే బ్రేకరు పెట్టాను. నీళ్ళ పైపును కూడా ఎర్తుకు కలిపాను. కూలరు మోటారు విప్పి నాన్న షాపుకు పట్టుకెళ్ళి నేనే చుట్టాను. నీళ్ళు దాని మీద పడకుండా రేకు వంచి అడ్డం పెట్టాను. ఇంత పని చేశాక నేను మళ్ళీ వచ్చి చూసుకోనక్కర్లేదు. నా చేతి పని మీద నాకు ఆ నమ్మకం ఉంది. అయినా మర్నాడు మధ్యాహ్నం మీటరు పట్టుకుని వెళ్ళాను, కూలరు నడిచే వేళకు ఆ కుళాయిని ఒకసారి చూస్తే తప్ప మనసు ఒప్పుకోలేదు.

కింద గదిలో కూలరు నడుస్తోంది. మెట్ల మీద పనామె కనిపించింది. పైకే వెళ్తోంది.

"చెప్పాడా?" అన్నాను.

"చెప్పాడన్నా. రాత్రి అన్నం తినలా. పిల్లోళ్ళకి తగలకూడదనే గదా కట్టాడు. ఆళ్ళకి తగలకుండా నాకు తగిలితే ఏం కాదులే."

"ఆ మాట అనొద్దు," అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది, ఆమె ఆగి నా వైపు చూసింది. "నీకు తగిలినా అవుతుంది. నీకేమన్నా అయితే ఆ పిల్లల్ని కూలరు సాకదు."

ఆమె తల ఊపింది. గుమ్మం దగ్గర పిన్నీసు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. నేనూ బూట్లు విప్పుతుంటే అక్కడ ఇంకో జత చెప్పులు కనిపించాయి. మగవాళ్ళవి, మడమ దగ్గర అరిగినవి. వాచ్‌మన్ నిద్ర మానుకుని మాకంటే ముందే పైకి వచ్చేశాడు. వెనక బాల్కనీలో తడి గచ్చు మీద ఉత్త కాళ్ళతో నిలబడి ఉన్నాడు. మేడమ్ తలుపు దగ్గర నుంచి చూస్తోంది.

"ఏంది నువ్వు ఈడ?" అంది పనామె. "అన్న బాగు చేశాడుగా."

"ఉండు. ముందు నేను."

"చేతి వెనకవైపుతో," అన్నాను వెనక నుంచి, అలవాటు కొద్దీ.

అతను విన్నాడు. విని, కుళాయిని అరచేత్తో నిండుగా పట్టుకున్నాడు. వేళ్ళన్నీ ముడిచి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నా చేతిలో మీటరు ఉంది, దాన్ని పెట్టి చూడాలనే వచ్చాను. అయినా పెట్టబుద్ధి కాలేదు. అతను ఎంతకీ వదలడం లేదు. చివరికి పనామే దగ్గరికి వెళ్ళి, అతని వేళ్ళు ఒక్కొక్కటీ కుళాయి మీద నుంచి తీసింది.

"ఇక చాల్లే, జరుగు," అంది. "అంట్లు ఎండిపోతన్నయ్."